బండికి తనిఖీ ఉంది, డ్రైవరు గుండెకో?

కడప, కర్నూలు, ప్రొద్దుటూరు, బద్వేలు దారులు కలిసే మైదుకూరులో పొద్దున్నుంచి రాత్రి దాకా బస్సులు తిరుగుతూనే ఉంటాయి. బండి డిపో దాటకముందే బ్రేకులు చూస్తారు, టైర్లు తట్టి చూస్తారు. మరి స్టీరింగు పట్టే మనిషి రక్తపోటు ఎవరు చూడాల?

ఇది వట్టి జాలి మాట కాదు. 1953లో మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి, మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే రోజంతా కూర్చునే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువని తేల్చాడు. మన డ్రైవర్లకు ఆ కూర్చోవడానికి తోడు ఇంజను వేడి, రాత్రి డ్యూటీలు, వేళ తప్పిన తిండి, నిద్ర ఆపుకోను టీ, బీడీ.

2022లో తెలంగాణ ఆర్టీసీ 'గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్' పేరుతో ఉద్యోగులకు ఆరోగ్య పరీక్షలు జరిపింది. మెచ్చదగిన పనే. అయితే పరీక్షే మందు కాదు. మా నాయన భూసార పరీక్ష చేయించి, ఆ కాగితం దూలంలో దోపి, ఎప్పటిలాగే యూరియా చల్లినాడు. చేను మారలేదు. మనిషికీ అంతే.

రక్తపోటుకు నొప్పి ఉండదు. కావున నెలనెలా డిపోలోనే చూడాలి, మందులు అక్కడే అందాలి. క్యాంటీనులో ఉప్పు, నూనె తగ్గాలి. జబ్బు బయటపడితే జీతం పోతుందన్న భయముంటే ఎవ్వరూ చెయ్యి చాపరు. అట్లాంటివారికి జీతం తగ్గని తేలిక పని ఇవ్వాలి. అన్నిటికన్నా, డ్యూటీకీ డ్యూటీకీ నడుమ కంటినిండా నిద్ర ఉండాల. నిద్ర దోచుకుని వ్యాయామం చెయ్యమనడం ఎగతాళి.

ఖర్చంటారా? ఒక్క డ్రైవరు గుండె వెనక యాభై ప్రాణాలు కూర్చుని ఉంటాయి. పాసు పట్టుకుని వేలాడే మనమూ అందులోనే ఉన్నాం, మిత్రులారా!