పాత కంప్యూటర్ ఇచ్చేసే ముందు మెయిళ్లు ఎక్కడున్నాయో చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. అందుకే చిన్న ఆఫీసులు, మిల్లులు, దుకాణాలవాళ్లు కొత్త కంప్యూటర్లు కొంటున్నారు. పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇస్తే కొంత ధర తగ్గుతుంది కదా! ఇచ్చేముందు ఫొటోలు, టాలీ లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటారు. మెయిళ్ల సంగతే ఎవరికీ గుర్తురాదు.

అనంతపురం దగ్గర శెనక్కాయ మిల్లు నడిపే మా మామ కూడా అంతే. నేను అడిగితే, "మెయిళ్లు యాడికి పోతాయప్పా? ఇంటర్నెట్లోనే ఉంటాయి గదా. కొత్తదాంట్లో పాస్‌వర్డ్ కొడితే అవే వస్తాయి" అన్నాడు. బ్రౌజర్‌లో జీమెయిల్ చూసేవాళ్లకు ఆ మాట నిజమే. కానీ మామ వాడేది థండర్‌బర్డ్, అదీ పాప్ పద్ధతిలో. పదకొండేళ్ల మెయిళ్లు ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. సరుకు తీసుకున్న ఒక వ్యాపారి, తాను ఇంత బాకీ ఉన్నానని ఒప్పుకుంటూ రాసిన మెయిల్ కూడా వాటిలోనే ఉంది. ఆ పెట్టె పోతే ఆ ఆధారమూ పోయినట్టే.

పాప్, ఐమ్యాప్ తేడా మా జిల్లావాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానే పడే చోటు మాది. ట్యాంకర్ వస్తే డ్రమ్ముల్లో పట్టుకుంటాం, ట్యాంకర్ వెళ్లిపోతుంది. ఇక నీళ్లున్నది మన డ్రమ్ములోనే. పాప్ అలాంటిది. సర్వర్ నుంచి మెయిల్ దించుకుంటుంది. కాపీ అక్కడే ఉంచమని సెట్టింగ్ పెట్టకపోతే సర్వర్‌లోది తీసేస్తుంది. ఐమ్యాప్ చెరువు లాంటిది. నీళ్లు చెరువులోనే ఉంటాయి, ఎన్ని ఇళ్లకైనా పైపు వేసుకోవచ్చు. డయలప్ రోజుల్లో నిమిషానికింత బిల్లు, సర్వర్‌లో కొద్దిపాటి జాగా. అప్పట్లో పాప్ పెట్టుకోవడమే తెలివైన పని. ఆ సెట్టింగే ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది.

కాబట్టి ముందు మీది ఏదో చూసుకోండి. థండర్‌బర్డ్‌లో 'అకౌంట్ సెట్టింగ్స్', 'సర్వర్ సెట్టింగ్స్' తెరిస్తే పాప్ అనో ఐమ్యాప్ అనో రాసి ఉంటుంది. ఐమ్యాప్ అయినా నిశ్చింతగా ఉండకండి. 'లోకల్ ఫోల్డర్స్' కిందికి జరిపిన మెయిళ్లు ఆ కంప్యూటర్‌లో మాత్రమే ఉంటాయి.

ఇక మార్చే పద్ధతి. 'హెల్ప్' మెనూలో 'ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్'కి వెళ్లి, 'ప్రొఫైల్ ఫోల్డర్' పక్కనున్న 'ఓపెన్ ఫోల్డర్' నొక్కండి. అక్కడి నుంచి పైకి వెళ్తూ 'రోమింగ్' దాకా రండి. అందులో కనిపించే 'థండర్‌బర్డ్' ఫోల్డరే మీ ఆస్తి. మెయిళ్లు, అడ్రస్ బుక్, సెట్టింగులు అన్నీ దాంట్లోనే ఉంటాయి. థండర్‌బర్డ్ పూర్తిగా మూసేసి ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చెయ్యండి. లోపల ఏది కావాలో ఏది వద్దో ఏరకండి. 'ఇన్‌బాక్స్' అని ఏ ఎక్స్‌టెన్షనూ లేకుండా కనిపించే ఫైలే అసలు మెయిళ్లు. 'ఎంఎస్ఎఫ్' అని చివరున్నది ఉత్త సూచిక.

ఇక్కడో చిక్కుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు. ఏళ్ల తరబడి నిండిన ఇన్‌బాక్స్ ఆ హద్దు దాటి ఉండొచ్చు. ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేసిన డ్రైవ్ వాడండి. థండర్‌బర్డ్‌లో 'ఎక్స్‌పోర్ట్' సదుపాయం ఉంది గానీ, అది 2 జీబీ లోపు ప్రొఫైళ్లకే.

కొత్త కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ ఎక్కించండి. వెర్షన్ పాతదానితో సమానంగానో, ఇంకా కొత్తగానో ఉండాలి. ఒకసారి తెరిచి మూసేసి, ఆ 'రోమింగ్'లోనే మీ ఫోల్డర్ పెట్టండి. తెరిచినప్పుడు ఖాళీగా కనిపిస్తే కంగారు పడొద్దు. ప్రొఫైల్ మేనేజర్‌లో మీ పాత ప్రొఫైల్ ఎంచుకుంటే చాలు.

ఔట్‌లుక్ వాడేవాళ్లు 'అకౌంట్ సెట్టింగ్స్'లో 'డేటా ఫైల్స్' చూడండి. 'పీఎస్‌టీ' అని ఉంటే ఆ ఫైలు కాపీ చేసి, కొత్త కంప్యూటర్‌లోని క్లాసిక్ ఔట్‌లుక్‌లో తెరవండి. 'ఓఎస్‌టీ' అయితే అది సర్వర్‌లో ఉన్నదాని నకలు. కొత్తదాంట్లో లాగిన్ అయితే మళ్లీ దిగుతుంది.

కాపీ మొదలుపెట్టేముందే పాత కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేయండి. లేకపోతే ఈలోగా వచ్చే మెయిళ్లను అది దించేసుకుంటుంది, కొత్తదానికి అందవు. ఆ ఫోల్డర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులూ ఉంటాయి కాబట్టి పెన్‌డ్రైవ్‌ను ఎక్కడపడితే అక్కడ వదలకండి.

మామ బాకీ మెయిల్ సంగతి ఎందుకు చెప్పానంటే, దానికి చట్టంలో విలువ ఉంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మామూలు అప్పులకు గడువు మూడేళ్లు. ఆ గడువులోపే బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే లెక్క మళ్లీ మొదలవుతుంది. ఎలక్ట్రానిక్ రికార్డులకు 2000 నాటి ఐటీ చట్టం గుర్తింపు ఇచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఇలాంటి రికార్డు వెంట సర్టిఫికెట్ అడుగుతుంది. ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నంత మాత్రాన సరిపోతుందనుకోకండి. అసలు మెయిల్ కదపకుండా ఉంచి, వకీలుతో మాట్లాడండి.

చివరగా, కొత్తదాంట్లో అన్నీ వచ్చాయో లేదో ఎలా తెలుస్తుంది? రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టి ప్రతి ఫోల్డర్‌లో మెయిళ్ల సంఖ్య సరిచూడండి. అన్నిటికన్నా పాత మెయిల్ తెరవండి. అటాచ్‌మెంట్ ఉన్నది ఒకటి తెరవండి. మీకే ఒక మెయిల్ పంపుకోండి. అన్నీ సరిపోయాక కూడా పాత హార్డ్‌డిస్క్‌ను నెలరోజులు ఇంట్లోనే ఉంచుకోండి. ఎక్స్‌చేంజ్‌లో వచ్చే నాలుగు డబ్బులు ఓ నెల ఆలస్యమైతే ఏం నష్టం లేదు.