ఆదివారం గ్యారేజీ: పడవ మాట వినాలంటే...

పాత మోటారు బోటును బాగుచేయాలనుకునేవారు ముందు రంగు, ఇంజిన్ చూస్తారు. కానీ మన ప్రాణం ఉండేది స్టీరింగులో! 1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో పెంటా ‘ఆక్వామాటిక్’ తెచ్చింది. ఇంజిన్ పడవ లోపల, ప్రొపెల్లరుండే డ్రైవు వెనక బయట. ఇలాంటి పడవలకు విడిగా చుక్కాని ఉండదు. డ్రైవే పక్కకు తిరిగి పడవను మళ్లిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాన్ని తిప్పే షాఫ్టు, బుష్‌లు అరుగుతాయి.

అరిగాయని ఎలా తెలుస్తుంది? పడవను ఒడ్డున పెట్టి, ఇంజిన్ ఆపి, ఒకరు స్టీరింగును గట్టిగా పట్టుకోవాలి. మరొకరు డ్రైవు కింది కొసను అటూఇటూ ఊపాలి. లోపలి స్టీరింగు ఆర్మ్ కదలకుండా డ్రైవు మాత్రమే ఊగితే అరుగుదల ఆ రెంటి మధ్యే. అప్పుడు బుష్‌లొక్కటే మారిస్తే చాలదు. అరిగిన షాఫ్టు కొత్తవాటినీ తినేస్తుంది. సీలు కూడా మార్చండి, లేదంటే అటునుంచే నీళ్లు లోపలికొస్తాయి. ఖర్చంటారా? వేగంగా వెళ్లే పడవ మాట వినకపోతే తొక్కడానికి బ్రేకు ఉండదు మరి!