చోడి అంబలి మాని తీపి పొట్లం కొందామా?

బొబ్బిలి కిరాణా కొట్లలో ఇప్పుడు తీపి ఓట్స్ పొట్లాలు వేలాడుతున్నాయి. వేడినీళ్లు పోస్తే మూడు నిమిషాల్లో టిఫిన్. ముందు పెద్ద అక్షరాల్లో ఆరోగ్యం మాట, వెనక చిన్న అక్షరాల్లో చక్కెర లెక్క. మనం చదవాల్సింది ఆ వెనక లెక్కే.

ఓట్స్ చెడ్డ గింజ కాదు. అందులోని పీచు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. కానీ తొందరగా ఉడకాలని గింజను ఆవిరిపట్టి, పలచగా నొక్కి, ముక్కలు చేస్తారు. అది త్వరగా అరిగి రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. పైగా కొన్ని తీపి రకాల్లో 40 గ్రాముల పొట్లానికి 10 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రోజు మొత్తానికి సుమారు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మన చోళ్లలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఓట్స్‌లో అందులో ఐదో వంతు కూడా ఉండదు. అయితే అంబలిలో బెల్లం గుమ్మరిస్తే అదీ తీపి పొట్లమే. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగాలి.

తినమని చెబితే చాలదు, పండించినవాడికి గిట్టాలి. విజయనగరం పరిశోధన స్థానం మన వేగావతి పేరుతోనే చోడి వంగడం ఇచ్చింది. సర్కారు బడుల్లో రాగిజావ 2023 మార్చిలో మొదలైంది. 2025-26కి మద్దతు ధర క్వింటాకు 4,886 రూపాయలు. ఆ ధర కాగితం మీద ఉంటే చాలదు. బడి జావకు కావలసిన చోళ్లను మన కళ్లాల దగ్గరే ఆ ధరకు కొనాలని సంఘం గట్టిగా అడగాలి.