పడిశం కాని పడిశం



"పడిశం పది రోగాల పెట్టు" అన్న సామెతను తెలుగువారికి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. పడిశం, జలుబు, రొంప, పీనసం అని ఇన్ని మాటలున్న మన భాషలో ఒక వ్యాధికి మాత్రం విడిగా పేరు లేకపోయింది. ఉదయం లేవగానే పదీ పన్నెండు తుమ్ములు, ముక్కు వెంట నీటిధార, కళ్లలోనూ అంగిట్లోనూ దురద, ఆపైన గొంతులో ఏదో అడ్డుపడినట్లు రోజంతా సవరింపు. ఏళ్ల తరబడి సాగే ఈ బాధను కూడా మనం జలుబనే అంటున్నాం. పేరు తప్పితే చికిత్స తప్పుతుందన్నదే ఈ టపాలో నేను చెప్పదలచినది. (ప్రతిశ్యాయం అన్న సంస్కృత పదం వినగానే మన పడిశం గుర్తుకు రాక మానదు. ఆ చర్చ మరొకసారి.)

అసలైన జలుబు వైరస్ వల్ల వచ్చేది. "మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు" అన్న చమత్కారం దానికి చక్కగా సరిపోతుంది. ఒళ్లునొప్పులు, కొందరికి కాస్త జ్వరం, వారం పదిరోజుల్లో నిష్క్రమణ. నేను చెబుతున్నదానిలో జ్వరముండదు, దురద ప్రధానం. ధూళి, పుప్పొడి, బూజు వంటి నిరపాయకరమైన వస్తువులను దేహం శత్రువులుగా భావించి హిస్టమిన్ వంటి పదార్థాలను విడుదల చేయడం వల్ల కలిగే సంరంభమిది. ‘అన్యం’, ‘క్రియ’ అన్న అర్థాలు గల గ్రీకు పదాలను కలిపి ‘అలర్జీ’ అన్న మాటను 1906లో కల్పించినవాడు వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. ముక్కు అలర్జీ వారానికి నాలుగు రోజులకు మించి, వరుసగా నాలుగు వారాలకు మించి ఉంటే దీర్ఘకాలికమని 2001 నాటి అంతర్జాతీయ వర్గీకరణ.

ప్రాణం తీసేది కాదు గదా అని తేలికగా చూడడం పరిపాటి. ఆ మాట ఉపాధ్యాయుని దగ్గర అనకండి. ఙ, ఞ, ణ, న, మలను అనునాసికాలంటారని పిల్లలకు చెబుతాము. వాటిని పలికేటప్పుడు గాలి ముక్కు గుండా పోవాలి. ముక్కు పూడుకొనిపోతే మకారం బకారమవుతుంది, నకారం దకారంలోకి జారుతుంది. ‘అమ్మ’ అంటే ‘అబ్బ’ అని వినబడుతుంది. ఒకనాడు తొమ్మిదో తరగతిలో ఆదికవిని గురించి మొదలుపెట్టబోగా నా నోట ‘దద్దయ’ వెలువడింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. కాని అదేరోజు నాలుగో పీరియడుకు గొంతు పూర్తిగా బొంగురుపోయి, పద్యం ఎత్తుకోలేక వచనంగా చదివి ముగించవలసివచ్చినప్పుడు నవ్వు రాలేదు. రాత్రి నోటితో గాలి పీల్చి నిద్ర చెడేది. పైగా ఉబ్బసం ఉన్నవారిలో అధికశాతం మందికి ఈ ముక్కు అలర్జీ కూడా ఉంటుంది, ఒకటి అదుపు తప్పితే రెండవదీ తప్పుతుంది.

ఇక మన మందుల దుకాణం సంగతి. అక్కడ నాలుగు వస్తువులు చేతికి వస్తాయి. మొదటిది ముక్కులో వేసుకునే చుక్కలు: జైలోమెటజొలిన్, ఆక్సీమెటజొలిన్. రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. ఐదు రోజులు దాటి వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుంటుంది, మళ్లీ చుక్కలు వేయాలి. మా బడిలో లెక్కల మాస్టారొకరు చొక్కాజేబులో కలంతోపాటు ఆ సీసా పెట్టుకొని మూడేళ్లు తిరిగారు. దాన్ని మాన్పించడానికి చెవి ముక్కు గొంతు వైద్యునికి పక్షం రోజులు పట్టింది. ఆయన దృష్టిలో అదే మందు, మాన్పించిన వైద్యుడే విలన్!

రెండవది పాతకాలపు నిద్రమాత్ర వంటి అవిల్, క్లోర్‌ఫెనిరమిన్. మా వయసు వారికి ఇవి నోరు ఎండగొట్టడం, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, మతిమరుపు తెచ్చే అవకాశముంది. నిద్రమత్తు తక్కువైన కొత్త తరం మాత్రలు వచ్చి దశాబ్దాలయినా ఇవి పోలేదు. మూడవది లీవోసెట్రిజిన్‌తో కలిపిన మాంటెలుకాస్ట్. దీనివల్ల కొందరిలో మనోవికారాలు, ఆత్మహత్యా యోచనలు కలుగుతున్నాయని 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తన అత్యున్నత హెచ్చరికను జారీ చేసి, ముక్కు అలర్జీకి ఇతర మందులు పనిచేయనప్పుడే ఇవ్వమన్నది. మన వీథిలో అది పిప్పరమెంటు బిళ్లలా చేతులు మారుతోంది. నాల్గవది అజిత్రోమైసిన్ పట్టీ. సూక్ష్మజీవి లేని చోట సూక్ష్మజీవి సంహారకం! దీన్ని గురించి ఇంతకంటే వ్రాయడం అనవసరం. జలుబు మాత్రల్లో కలిపే ఫినైలెఫ్రిన్ నోటితో మింగితే ముక్కు దిబ్బడకు పనిచేయదని అదే సంస్థ సలహాసంఘం 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తేల్చిన సంగతి కూడా మన దుకాణాల్లో ఎవరికీ పట్టినట్లు లేదు.

పనిచేసే మందు వేరే ఉంది. ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడు స్ప్రేలు. స్టెరాయిడు అనగానే మనవారు హడలిపోతారు. ఒక్కో విదిలింపులో ఉండే ఫ్లూటికసోన్ 50 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో ఇరవై వేల వంతు. అదీ చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. చిక్కల్లా ఇది చుక్కల్లా వెంటనే పనిచేయదు. కొన్నిరోజులకు గుణం కనబడి, పూర్తి ఫలితానికి రెండు వారాలు కూడా పట్టవచ్చు. రెండురోజులు వాడి "ఇది పనికిరాదు" అని పారవేసినవారిని ఎందరినో చూశాను. వాడే పద్ధతి కూడా ఎవరూ చూపరు. తల కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కుపుటానికి ఎడమచేత్తోనూ, ఎడమదానికి కుడిచేత్తోనూ పట్టాలి. మొనను నడిమిగోడ వైపు కాక అదే వైపు కంటి చివరకు గురిపెట్టాలి. గోడకు కొడితే నెత్తురు వస్తుంది. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి జారి వృథా అవుతుంది. కంట్లో నీటికాసులున్నవారు ముందుగా వైద్యునికి చెప్పాలి. మా యింట్లో ఆ సీసా పళ్లపొడి డబ్బా పక్కనే ఉంటుంది.

మన పెద్దల జలనేతి నిస్సందేహంగా మేలైనదే. గ్లాసుడు నీటికి అర టీస్పూనుకు కాస్త తక్కువ ఉప్పు చాలు. కాని ఆ నీరు కాచి చల్లార్చినదై ఉండాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయినీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు నేగ్లేరియా అనే అమీబా మెదడుకెక్కి మరణించారు. కేరళలో ఇటీవలి సంవత్సరాల్లో అమీబా వల్ల వచ్చిన మెదడువాపు కేసులను మనం పత్రికల్లో చదివాము. ఆ అమీబాలు మన దేశపు నీటిలో లేవనుకోవడానికి వీల్లేదు. మిరియాల పాలు, శొంఠి, తులసి గొంతుకు హాయినిస్తాయి, నేనూ తాగుతాను. అలర్జీని అవి ఆపుతాయని మాత్రం అనను.

కారణాన్ని కనిపెట్టడం ఓపికతో కూడిన పని. పరుపులో, దిండులో కంటికి కనబడని ధూళిపురుగులుంటాయి. దుప్పట్లు, గలేబులు వారానికొకసారి వేడినీళ్లలో ఉతకాలి. మా అమ్మ బూరుగుదూది పరుపులను ఎండవేసి కర్రతో బాదేది. సంక్రాంతి ముందు అటక దులిపే పనిని ఈ జబ్బున్నవారికి అప్పగించకండి, తప్పనిసరైతే ముక్కుకు గుడ్డ కట్టండి. దోమలచుట్ట, సాంబ్రాణి, అగరుధూపం పొగ ముక్కును మరింత రేపుతుంది. పూజగదికి కిటికీ ఉండాలన్నది నా వాస్తుశాస్త్రం. ఊరి చివర ఖాళీస్థలాల్లో తెల్లని చిన్నపూలతో నిలబడే వయ్యారిభామ (అంత అందమైన పేరు దానికెవరు పెట్టారో గాని) ముక్కుకూ చర్మానికీ శత్రువు. పూతకు రాకముందే, చేతికి తొడుగుతో పీకించాలి.

గొంతు విషయానికి వస్తే, ముక్కు వెనుకనుండి జారే స్రావమే చాలామందికి కారణం. ముక్కు కుదుటపడితే గొంతూ కుదుటపడుతుంది. మాటిమాటికీ ఖళ్లుఖళ్లుమని సవరించుకొంటే స్వరతంత్రులు ఇంకా వాస్తాయి, గుక్కెడు నీళ్లు మింగడం మేలు. ముక్కు బాగుపడినా గొంతు మారకపోతే రాత్రివేళ కడుపులోని ఆమ్లం పైకెక్కుతోందేమో చూపించుకోవాలి. బొంగురు మూడు వారాలు దాటినా, ఒకవైపు ముక్కే మూసుకొని నెత్తురు కనబడినా, అది అలర్జీ అని ఇంట్లో కూర్చోకూడదు.

ఇంతకీ చర్మపరీక్ష చేయించుకొని మూడేళ్ల టీకా చికిత్స పూర్తిచేసినవారు మీలో ఎవరైనా ఉన్నారా? లండనులో లియొనార్డ్ నూన్ 1911లో ప్రకటించిన పద్ధతి అది. మా ఊళ్లో ఆ సౌకర్యం లేదు. ఉన్న చోటి అనుభవం వ్రాస్తే చదువుతాను.