బక్రీద్ విందుకు తగిన కచుంబర్

మా కుటుంబం మూడు ఊళ్లలో ఉన్నది. అత్తమామలు రేపల్లెలో, మేము తెనాలిలో, ఆడబిడ్డ బాపట్లలో ఉంటాము. బక్రీద్ నాడు బాపట్ల వారు తెనాలి వచ్చి రైలు మారుతారు. అందరమూ కలిసి రేపల్లె చేరుతాము. మగ్రిబ్ నమాజు తర్వాత మూడిళ్ల వారమూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటాము. బిర్యానీ, దాల్చా, ఖీమా, తలకాయ కూర, చివర సేమియా. ఇంత బరువైన విందు పక్కన ఏమి పెట్టాలన్నది ఆలోచించవలసిన విషయమని మేము ఎన్నడూ అనుకోలేదు. ఉల్లిపాయలు చక్రాలుగా కోసి, నాలుగు నిమ్మబద్దలు పెడితే చాలుననుకునేవారము.

2024 జూన్ 17న, పండుగ రాత్రి, ఇషా అజాన్ అయినా మామగారు మస్జిదుకు బయలుదేరలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి అడిగాము. "పచ్చి ఉల్లిపాయ తిన్నానమ్మా. ఈ వాసనతో జమాఅత్‌లో ఎలా నిలబడను?" అన్నారు. జమాఅత్ తప్పని పెద్దాయన పండుగనాడు ఇంట్లో ఒంటరిగా నమాజు చేసుకున్నారు. ఆయన ముందు ఆ పళ్లెం పెట్టింది మేమే.

పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు మస్జిదుకు దూరంగా ఉండాలని దైవప్రవక్త (సల్లం) చెప్పిన మాట బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. అంతమాత్రాన అవి నిషిద్ధాలు కావు. తినదలచినవారు బాగా వండి వాటి వాసన పోగొట్టుకోవాలని హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖుత్బాలో చెప్పారు. కనుక బిర్యానీలో ఎర్రగా వేగిన ఉల్లితో చిక్కు లేదు. చిక్కంతా పచ్చి ఉల్లితోనే.

మరుసటి ఏడు పండుగకు ముందే ఇంటిల్లిపాదీ ఈ సంగతి మాట్లాడుకున్నాము. పెళ్లి విందుల్లో తిన్న మయోనైజ్ సలాడ్ చేద్దామన్నది మా అమ్మాయి. అది నూనెతో, గుడ్డుతో చేసేది. నేతి భోజనం మీద మరింత నూనె పెట్టినట్లవుతుంది. పెరుగు చట్నీ చేద్దామన్నది ఆడబిడ్డ. అది రుచికరమే, కానీ ఉల్లి లేకుండా ఎవరూ చేయరు. పైగా జూన్ ఎండలకు సాయంత్రానికే పులిసిపోతుంది. చివరకు అత్తగారి మాటే నిలిచింది: కీర దోసకాయ, పుదీనా, నిమ్మరసం. దైవప్రవక్త (సల్లం) తాజా ఖర్జూరాలతో దోసకాయ కలిపి తినేవారని హదీసులో ఉన్నదని ఆమె గుర్తుచేశారు. నిమ్మ మార్కెట్టుకు పేరుపడిన తెనాలి నుండి నిమ్మకాయలు తేవడం మా వంతయింది.

పదిమందికి కిలో కీర దోసకాయలు, అరకిలో గట్టి టమాటాలు, రెండు క్యారెట్లు, పుదీనా, కొత్తిమీర ఒక్కొక్క కట్ట, రెండు పచ్చిమిరపకాయలు, నాలుగు నిమ్మకాయలు సరిపోతాయి. ముదిరిన దోసకాయలైతే గింజలు తీసివేయాలి. టమాటా గుజ్జు కూడా తీసి, అన్నింటినీ సన్నగా తరగాలి. వేయించిన జీలకర్ర పొడి, మిరియాల పొడి కొద్దిగా చల్లాలి. ఉప్పు, నిమ్మరసం మాత్రం వడ్డించే ముందే కలపాలి. ముందుగా కలిపితే కూరల నీరంతా దిగి, ముక్కలు మెత్తబడతాయి. రక్తపోటు ఉన్నవారికి ఉప్పు కలపక ముందే కొంత తీసి వేరుగా ఉంచాలి. నిమ్మ పులుపు ఉప్పు లోటును చాలావరకు తీరుస్తుంది.

బక్రీద్ నాడు ఒక జాగ్రత్త తప్పనిసరి. కుర్బానీ మాంసం కోసిన కత్తితో, పలకమీద ఈ కూరలు తరగరాదు. మాంసం ఉడుకుతుంది కనుక అందులోని క్రిములు నశిస్తాయి, కచుంబర్ ఉడకదు. పలక, కత్తి, పళ్లెం వేరుగా ఉండాలి. మాంసం ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పుదీనాను మట్టి పోయేవరకు రెండు మూడు నీళ్లలో జాడించాలి.

మరొక మార్పు కూడా చేశాము. కచుంబర్‌ను విందు చివర ఒక మూలన పెట్టక, అందరికంటే ముందుగా, చిన్న గిన్నెలలో వడ్డించాము. ముందు కూరలు తిన్నవారికి అన్నం మీద ఆత్రం తగ్గుతుంది. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలకు ఇది మేలు. కుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేసి బంధువులకు, పేదలకు పంచుతాము. కడుపును కూడా ఆహారానికి, నీటికి, శ్వాసకు మూడు వంతులుగా ఉంచుకోవాలన్న ప్రవక్త బోధను మాత్రం దస్తర్‌ఖాన్ దగ్గర మరచిపోతాము.

2025 జూన్ 7న ఆ గిన్నెలన్నీ ఖాళీ అయ్యాయి. ఉల్లి కావాలన్న పిల్లల కోసం వేరే పళ్లెంలో ఉంచాము. మామగారు అటు చూడలేదు. ఇషా అజాన్ వినగానే వుజూ చేసుకుని, మనవళ్ల చేయి పట్టుకుని మస్జిదుకు నడిచారు.

అల్లాహ్ మన కుర్బానీలను, మన నమాజులను స్వీకరించుగాక! ఆమీన్.