రకం విలువది, పేరుది కాదు: రాజాం నుంచి మా ప్రణాళిక

రాజాంలో కూర్చుని సొంతంగా ఒక చిన్న లిస్ప్ రాసుకుంటున్న విద్యార్థులం మేం. లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషని 1958లో మొదలుపెట్టినవాడు జాన్ మెకార్తీ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి స్టాన్‌ఫోర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది ఆయన దగ్గరే. అందుకే ఇది మాకు పరాయి విద్య అనిపించదు.

మా భాషలో నంబరు, స్ట్రింగు, సింబలు, లిస్టు, ఫంక్షను, నిజం, అబద్ధం ఉంటాయి. ఇవన్నీ విలువలే. ఫంక్షన్‌ని కూడా నంబరులాగే చేతికిచ్చి పంపొచ్చు.

నంబరా, స్ట్రింగా అన్న రకం విలువకే అంటిపెట్టుకుని ఉంటుంది, పేరుకు కాదు. ఉదాహరణకు, 2022 ఏప్రిల్ 4న మన రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. ‘మా జిల్లా’ అన్న పేరు ఆ రోజు నుంచి ఇంకో విలువను చూపిస్తోంది. శ్రీకాకుళం మాత్రం శ్రీకాకుళంగానే ఉంది. పేరంటే విలువకు కట్టిన చీటీ. విప్పి ఇంకోదానికి కట్టుకోవచ్చు.

అడక్కుండా రకం మార్చం. మన పిన్‌కోడ్ 532127 చూడ్డానికి నంబరే, కానీ దాన్ని కూడేవాళ్లెవరు? మేం దాన్ని స్ట్రింగుగా దాస్తాం. దానికి 1 కలపమంటే 532128 రాదు, 5321271 కూడా రాదు. మా భాష పని అక్కడే ఆపి, ‘కూడికకు నంబర్లు కావాలి, మొదటిది స్ట్రింగు’ అని తెలుగులో చెబుతుంది. ల్యాబ్‌లో అర్థంకాని ఎర్రర్ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్న రోజులు మాకు గుర్తున్నాయి. అందుకే ఎర్రర్ అర్థమయ్యేలా చెప్పడంలో రాజీపడం.

పాత లిస్ప్‌లో ఖాళీ లిస్టూ అబద్ధమూ ఒకటే. మేం స్కీమ్ అనే లిస్ప్ దారిలో వాటిని విడదీస్తున్నాం. క్లాసుకి ఎవరూ రాకపోవడం వేరు, హాజరే తీసుకోకపోవడం వేరు కదా!

అరకు పావు కలిపితే ముప్పావు రావాలి, మూడింట ఒకటి మూడుసార్లు వేస్తే సరిగ్గా ఒకటి రావాలి. భిన్నాన్ని భిన్నంగానే ఉంచుతాం.

అన్నిటికన్నా కష్టమైంది స్ట్రింగు పొడవు. ‘రాజాం’ యూనికోడ్‌లో ఐదు కోడ్లు, యూటీఎఫ్-8లో 15 బైట్లు. పలక మీద దిద్దిన పిల్లని అడిగితే రెండక్షరాలంటుంది. ఆ పిల్ల లెక్కే మాకు ప్రమాణం. ‘స్త్రీ’లో ఆరు కోడ్లున్నా పొడవు ఒకటే రావాలి. అది వచ్చేదాకా ఈ భాషను ఎవరి చేతికీ ఇవ్వం.