ఒంటి సీటు బండిపై రెండో మనిషి వద్దు

ఈమధ్య మన ఊళ్లలో బుల్లెట్, అవెంజర్ వంటి బండ్లకు పొడవు సీటు తీసివేసి, కింద రెండు స్ప్రింగులున్న ఒంటి సీటు బిగించుకోవడం కుర్రకారుకు మోజైంది. ఎవరి ముచ్చట వారిది, కాదనలేము. కాని ఆ సీటు వెనుక మడ్‌గార్డుపై తువ్వాలు మడిచి వేసి, తల్లినో భార్యనో కూర్చోబెట్టుకొని సంతకు, ఆసుపత్రికి పోవడం కూడ కనిపిస్తోంది. కిందటేడు మా ఊరి కల్వర్టు దగ్గర ఒక ఇల్లాలు ఇలాగే జారిపడి చేయి విరగ్గొట్టుకుంది. బండి నడిపింది కన్న కొడుకే. ఆ ఏడు ఆమె నాట్లకు పోలేకపోయింది.

అసలు స్ప్రింగు సీటు సోకు కోసం పుట్టినది కాదు. పూర్వం చాలా మోటారు సైకిళ్లకు వెనుక చక్రం దగ్గర షాక్ అబ్సార్బర్లు ఉండేవి కావు. గతుకుల దెబ్బ నడుముకు తగలకుండా సీటు కిందనే స్ప్రింగులు పెట్టేవారు. 1955లో మద్రాసులో బుల్లెట్ల తయారీ మొదలయ్యేనాటికే ఆ బండికి వెనుక షాక్ అబ్సార్బర్లు వచ్చేశాయి. కనుక ఇప్పుడీ స్ప్రింగులు అవసరం కన్న అలంకారమే ఎక్కువ.

అయినా పెట్టించుకోదలచినవారు కొన్ని సంగతులు గమనించాలి. సీటు ముందు బందు, వెనుక స్ప్రింగులు రెండూ ఛాసిస్‌పైనే ఆనాలి. మడ్‌గార్డు రేకుకు రంధ్రాలు పొడిచి బోల్టులు వేస్తే గతుకులకు రేకు చీలుతుంది. స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు సీటు అడుగు బ్యాటరీకి, వైర్లకు, చక్రానికి తగలరాదు. స్ప్రింగు మరీ మెత్తనైతే మనిషి ఎగిరిపడి హ్యాండిల్ పట్టు తప్పుతుంది. వారం రోజులు నడిపాక నట్లు మళ్లీ బిగించుకోవాలి.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, నడిపేవాని వెనుక గట్టిగా బిగించిన సరైన సీటుపై తప్ప ఎవరినీ ఎక్కించరాదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదని 52వ సెక్షన్ చెబుతోంది. 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 123వది మరీ ముఖ్యం. వెనుక మనిషికి పట్టుకోను పిడి, కాళ్లకు ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కకుండా సగం చక్రానికి తగ్గకుండా కప్పు ఉండాలంటుంది. అందం చెడుతుందని మనవాళ్లు ముందుగా ఊడదీసేది ఈ పిడినీ, శారీ గార్డునే! మన ఆడవాళ్లు ఒకవైపు తిరిగి కూర్చుంటారు. వారికి పట్టు ఏది? కొంగు చక్రానికి చుట్టుకుంటే బాధ్యులెవరు?

మెకానిక్కు సోదరులు కూడ సీటు మార్చేముందు, ‘ఇంట్లో ఈ బండి వెనుక ఎక్కేదెవర’ని ఒక్క మాట అడగాలి. ఇంటిల్లిపాదికీ ఒకే బండి ఉన్నచోట కంపెనీ ఇచ్చిన సీటే మేలు. ఒంటి సీటు తప్పదనుకుంటే ఒంటరిగానే తిరగండి. ముచ్చట ఒకరిది, దెబ్బ మరొకరిది కారాదు.